ఊహించి చెప్పవద్దు, కొలిచి చూడండి



ఈ నెల ఒక మిషను గురించి రాస్తున్నాము. బోకులు కడిగే మిషను. మీలో చాలామంది ఇండ్లలో అది ఉండదు. "మాకెందుకయ్యా ఆ సంగతి" అని పేజీ తిప్పవద్దు. దానిలో నీళ్లు కాచే భాగమూ, మీ గీజరులో ఉన్నదీ, బకెట్లో వేసే రాడ్డులో ఉన్నదీ ఒక్క జాతివే. వాటి జబ్బులు కూడా ఇంచుమించు ఒక్కటే. ఇంకొక కారణము కూడా ఉన్నది. ఈ సంగతిలో మేమే ఒక తప్పు సలహా ఇచ్చాము. దానివల్ల మా సంఘములోని ఒక తల్లి నాలుగు వేల ఐదు వందల రూపాయలు పోగొట్టుకొని, రెండు నెలలు కష్టపడినది. దానిని దాచిపెట్టి మీకు సలహాలు రాయుట మాకు న్యాయముగా తోచలేదు.

జరిగిన సంగతి

పాకాల దగ్గర ఒక పల్లెలో ఆ తల్లి కాపురము. భర్త లేడు. కుమారుడు బెంగుళూరులో ఉద్యోగము. ఆమెకు కీళ్లవాతము. చలికాలములో వేళ్ల కణుపులు వాచిపోయి చెంబు పట్టుకొనుటకు కూడా కష్టమగును. 2021లో కుమారుడు నెలనెలా కంతులు కట్టే ఏర్పాటుతో బోకులు కడిగే మిషను కొని పంపించాడు. ఊరిలో నవ్వినవారు లేకపోలేదు. "ఇద్దరు మనుషుల బోకులకు మిషనా" అన్నారు. అయినా ఆమె చేతులకు మూడేండ్లు సుఖము కలిగినది.

2024 నవంబరులో మేము ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఆమె, "మిషను సరిగా వేడి కాలేదయ్యా, బోకులు జిడ్డుగానే వస్తా ఉండాయి" అన్నది. మేము మందిరపు మైకుసెట్టు వైర్లు కలిపిన అనుభవము కలవారము గనుక, మిషను దగ్గరకు కూడా పోకుండా, "మీ ఊళ్లో కరెంటు తక్కువమ్మా, స్టెబిలైజరు పెట్టించండి, సరిపోతుంది" అని చెప్పి టీ తాగి వచ్చాము. ఆమె చీటీ పాడిన డబ్బులోనుండి నాలుగు వేల ఐదు వందలు తీసి స్టెబిలైజరు కొన్నది. మిషను మారలేదు. తరువాత కంపెనీ మనిషిని పిలిపించినది. ఆయన పది నిమిషాలు చూచి, లోపలి బోర్డు పోయినది, పదకొండు వేల ఐదు వందలు అగునని చెప్పి వెళ్లాడు. వారంటీ అప్పటికే అయిపోయినది.

జనవరిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె చేతులు చూచాము. వేళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నవి. అడిగితే మొదట ఏమీ లేదన్నది. తరువాత మెల్లగా బయటపడినది. రెండు నెలలుగా తెల్లవారుజామున కొళాయి దగ్గర కూర్చొని చన్నీళ్లతో తోముకొనుచున్నది. కుమారునికి చెప్పలేదు, కంతులు కట్టేవానికి ఇంకొక భారమని. మాకు ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "అయ్యగారి మాట తప్పయ్యిందని చెప్పేదానికి నాకు నోరు రాలేదయ్యా" అన్నది. ఇంకొక భయము కూడా ఆమెను పట్టుకొని ఉన్నది. కంపెనీవారి ఉప్పు అయిపోయినప్పుడు రెండుసార్లు వంటింటి రాళ్ల ఉప్పు వేసినది. తానే మిషనును పాడుచేశానని ఆమె లోపల కుమిలిపోవుచున్నది.

ఆ మాట విన్నప్పుడు మాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు.

ఆ మిషను ఎట్లు పనిచేయును?

మొదట మిషను సంగతి కొంచెము తెలుసుకొందము. బోకులు కడిగే మిషనును జనము వాడుకొనే రూపానికి తెచ్చినది ఒక స్త్రీయే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో జోసెఫిన్ కోక్రేన్ అనే ఆమె 1886లో దానికి పేటెంటు పొందినది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దానిని చూపించినది. మొదట కొన్నవారు హోటళ్లవారే. మన దేశములో 2020లో లాక్‌డౌను వచ్చి పనిమనుషులు రాలేకపోయినప్పుడు, పట్టణాలలోని ఇండ్లు దాని వైపు చూచినవి.

లోపల జరిగే పని కష్టమైనది కాదు. కొళాయి నుండి చన్నీళ్లు కొద్దిగా లోనికి వచ్చును. అడుగున ఉన్న హీటరు వాటిని కాచును. మోటారు ఆ నీళ్లనే మళ్లీ మళ్లీ పైకి తోసి, తిరిగే రెక్కల సందులలోనుండి బోకులపై చిమ్మును. వేడి ఎంత వచ్చినదో ఒక చిన్న సెన్సారు చూచి బోర్డుకు తెలుపును. కావలసినంత వేడి వచ్చినప్పుడు బోర్డు హీటరును ఆపును. మామూలు కడుగుడుకు 50 డిగ్రీలు, గట్టి జిడ్డుకు 65, 70 డిగ్రీల వరకు వేడి చేయును. ఆ వేడి లేకపోతే నూనె కరగదు, పొడి సరిగా కరగదు, చివరకు బోకులు ఆరవు. కనుక బోకులు జిడ్డుగాను తడిగాను వచ్చి, పొడి ముద్దగా మిగిలితే, మొదట అనుమానించవలసినది వేడినే.

మిషను విప్పకుండానే తెలుసుకొనుట

ఈసారి మేము ఊహించదలచుకోలేదు. తిరుపతిలో గీజర్లు బాగుచేసే ఒక తమ్ముణ్ని వెంటబెట్టుకొని వెళ్లాము. అతడు స్క్రూడ్రైవరు తీయకముందు ఇంటి బయటికి పోయి కరెంటు మీటరు ముందు నిలబడ్డాడు. మాకు ఆశ్చర్యము కలిగినది.

ఇప్పటి మీటర్లలో ఒక చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమనుట మీరు చూచియుందురు. ఒక యూనిట్టుకు అది ఎన్నిసార్లు వెలుగునో మీటరు మీదనే రాసి ఉండును. ఆ ఇంటి మీటరు మీద 3200 అని ఉన్నది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపి మిషను ఒక్కటే నడిపించాము. ఇక లెక్క చూడండి. మోటారు ఒక్కటే తిరిగితే అది తీసుకొనేది వంద వాట్ల లోపే, లైటు నిమిషానికి నాలుగైదు సార్లకు మించి వెలగదు. రెండు వేల వాట్ల హీటరు కూడా పనిచేస్తే నిమిషానికి నూరుసార్లకు పైగా వెలగవలెను. మేము వేడి కడుగుడు పెట్టి ఇరవై నిమిషాలు చూచాము. నిమిషానికి నాలుగుసార్లే. అనగా హీటరుకు కరెంటే పోవుట లేదు. మిషను మీద ఏ గుర్తూ రాలేదు. కొన్ని మిషన్లు తప్పు ఉంటే అంకె చూపును, కొన్ని ఏమీ ఎరుగనట్లు చన్నీళ్లతోనే పని ముగించును.

ఒక జాగ్రత్త. తొలి కడుగుడు, మధ్యలో నీళ్లతో జాడించుట చన్నీళ్లతోనే జరుగును. కనుక వేడి ప్రోగ్రాము పెట్టి, అసలు కడుగుడు మొదలైన తరువాతనే లెక్కించవలెను.

మా తప్పు ఎక్కడ?

ఆ తమ్ముడు సాయంత్రము ఏడు గంటలకు, ఊరంతా లైట్లు వేసిన వేళ, ప్లగ్గు దగ్గర వోల్టేజి కొలిచాడు. 205 వచ్చినది. తక్కువే. అయితే 230కి బదులు 205 ఉంటే హీటరు వేడి ఎంత తగ్గును? సుమారు ఐదవ వంతు మాత్రమే. 170కి పడిపోయినా సగము కంటె ఎక్కువ వేడి ఉండును. వోల్టేజి తక్కువైతే నీళ్లు ఆలస్యముగా కాగును, అంతేగాని బొత్తిగా చల్లగా ఉండవు. ఆ తల్లి బోకులు మామూలు కంటె కొంచెము తక్కువ వేడిగా వచ్చుట లేదు, చేతికి చల్లగా తగులుచున్నవి. ఆనాడు మేము తలుపు తెరచి ఒక గిన్నె ముట్టుకొని ఉంటే చాలు, వోల్టేజి కాదని తెలిసియుండును. ఆ ఒక్క పని చేయలేదు.

విప్పి చూచినప్పుడు

ఈ భాగము మీ తెలివి కొరకు రాస్తున్నాము, మీరే చేయుట కొరకు కాదు. నీళ్లూ కరెంటూ కలిసే చోటు ఇది. అనుభవము ఉన్న మనిషిచేతనే చేయించండి. ఆయన సరిగా చేయుచున్నాడో లేదో మీకు తెలియవలెను, అంతే.

మొదట ప్లగ్గు తీసివేశాడు. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి రావలెను. నీళ్ల కొళాయి కట్టాడు. లోపల మిగిలిన నీళ్లు గుడ్డతో తోడాడు. మిషనును గోనెపట్ట మీద మెల్లగా వెనక్కి పడుకోబెట్టి అడుగు రేకు విప్పాడు.

మొదటి కొలత హీటరు రెండు కొసల మధ్య, వైర్లు ఊడదీసి. 230 వోల్టుల మీద రెండు వేల వాట్ల హీటరు అయితే మల్టీమీటరు సుమారు 26 ఓములు చూపవలెను. (230ని 230తో హెచ్చవేసి వాట్లతో భాగించండి. 1500 వాట్ల రాడ్డు అయితే 35 వచ్చును.) 27 వచ్చినది. అనగా హీటరు బ్రతికే ఉన్నది. లోపలి తీగె తెగి ఉంటే మీటరు ఏమీ చూపదు. అప్పుడు హీటరు మార్చవలసినదే.

రెండవ కొలత హీటరు కొసకూ, పైనున్న లోహపు గొట్టానికీ మధ్య. ఇక్కడ మీటరు ఏమీ చూపకూడదు. చూపితే లోపల నీరు చేరి కరెంటు బయటికి కారుచున్నదని అర్థము. అటువంటి హీటరును ఒక్కపూట కూడా వాడరాదు. ఇక్కడ కూడా బాగానే ఉన్నది.

మూడవ కొలత బోర్డు దగ్గర, హీటరుకు పోయే వైర్ల మొదట్లో, వైర్లు మళ్లీ హీటరుకు తగిలించి. ఇక్కడ కూడా అదే 27 రావలెను. మీటరు ఏమీ చూపలేదు!

కనుక తప్పు బోర్డులోనూ లేదు, హీటరులోనూ లేదు. రెంటికీ నడుమ ఉన్నది. ఒక వైరు చివర ఉన్న ప్లాస్టిక్ టోపీని వెనక్కి లాగితే లోపల లగ్గు నల్లగా కాలి, వేలితో తాకగానే పొడిపొడిగా రాలినది. ఆ తమ్ముడు దానిని ఆ తల్లికి చూపించి, "ఇదేనమ్మా మీ పదకొండు వేలు" అన్నాడు.

అది ఎందుకు కాలినది? లగ్గు మొదటినుండి కొంచెము వదులుగా ఉన్నది. రెండు వేల వాట్ల హీటరుకు సుమారు 9 ఆంపియర్ల కరెంటు పోవును. వదులైన చోట ఓములో పదవ వంతు అడ్డు ఉన్నా, ఆ గోరంత చోటులో ఏడు వాట్లకు మించి వేడి పుట్టును. వేడికి లోహము ఇంకా వదులగును. వదులైనకొద్దీ వేడి ఇంకా పెరుగును. ఒకనాడు కాలి తెగిపోవును. బోర్డు మార్చినా ఆ మిషను వేడెక్కి ఉండేది కాదు. కంపెనీ మనిషిని మేము నిందించుట లేదు. రోజుకు ఎన్నో ఇండ్లు తిరగవలసినవాడు కొలవకుండా ఊహించాడు. మేము ఏ తొందరా లేకుండా కూర్చొని, టీ తాగుచు ఊహించాము.

బాగుచేసిన విధము

కాలిన వైరును మంచి రాగి కనబడువరకు కోసివేశాడు. వేడికి తట్టుకొనే కొత్త లగ్గు పెట్టి ప్లయరుతో గట్టిగా నొక్కాడు. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టలేదు. అట్లు చుట్టేవారిని ఒప్పుకోవద్దు, నెలలోనే మళ్లీ కాలును. హీటరు కొసను ఉప్పు కాగితముతో రుద్ది తెల్లగా చేశాడు. రెండవ వైరు లగ్గు కూడా లాగి చూచి బిగించాడు. మళ్లీ బోర్డు దగ్గర కొలిస్తే 27. రేకు బిగించి, మిషనును నిలబెట్టి, ఎర్తు సరిగా ఉన్నదో లేదో చూచి నడిపించాము. మేమే మీటరు దగ్గరకు పోయి లెక్కపెట్టాము. నిమిషానికి తొంభై దాటినది. పావుగంట తరువాత తలుపు తీస్తే ఆవిరి ముఖానికి కొట్టినది. మొత్తము ఖర్చు, అతని కూలితో కలిపి, ఆరు వందల యాభై రూపాయలు.

ఉప్పు సంగతి

"అయితే నా ఉప్పు వల్ల కాదు కదయ్యా?" అని ఆమె మూడుసార్లు అడిగినది. కాదమ్మా అని మూడుసార్లు చెప్పాము. అయినా ఉప్పు సంగతి అందరూ తెలుసుకోదగినది.

మన చిత్తూరు సీమలో బోరు నీళ్లు ఎట్టివో మీకు చెప్పనక్కరలేదు. పడమటి మండలాలలో వెయ్యి అడుగులు దాటి తవ్వుచున్నారు. ఆ నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టును. నీళ్లలో కరిగియున్న సున్నపు పదార్థము వేడి తగలగానే విడిపోయి గట్టిపడుటే ఆ పెచ్చు. తాగే నీళ్లకు మన దేశపు ప్రమాణములో ఈ గడుసుదనము లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు మంచిదనియు, వేరే నీళ్లు దొరకనిచోట 600 వరకు ఒప్పుకోవచ్చుననియు ఉన్నది.

ఆ పెచ్చు హీటరుకు దుప్పటి కప్పినట్లు పనిచేయును. వేడి నీళ్లకు చేరక లోపలనే నిలిచి, తీగె మాడిపోవును. మిషనులోని ఉప్పు బోకుల మీదికి పోదు. నీటిలోని సున్నమును పట్టుకొనే గుళికలు ఒక డబ్బాలో ఉండును. అవి నిండిపోయినప్పుడు ఉప్పునీళ్లు వాటిని కడిగి మళ్లీ సిద్ధము చేయును. రాళ్ల ఉప్పులో మట్టి, ఇతర లవణములు ఉండును. సన్న ఉప్పులో గడ్డకట్టకుండా వేసే పొడి ఉండును. అవి ఆ డబ్బాను మెల్లమెల్లగా మూసివేయును. కనుక దానికి తగిన ఉప్పే వాడవలెను. ఆమె మిషను హీటరు మీద పలుచని పెచ్చు కనబడినది. కంపెనీవారి పుస్తకములో చెప్పిన మందుతో ఖాళీ మిషనును ఒకసారి వేడిగా నడిపించి వదిలించాము.

గీజరు, రాడ్డు ఉన్నవారికి

మీ రాడ్డు మీద తెల్లని పెచ్చు ఉంటే కత్తితో గీకవద్దు. పైతొడుగు చిల్లు పడును. ప్లగ్గు తీసి, బాగా చల్లారిన తరువాత, ప్లాస్టిక్ బకెట్లో లీటరు గోరువెచ్చని నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, నీళ్లలో మునిగే భాగము మాత్రము గంటసేపు నానబెట్టండి. పెచ్చు మెత్తబడి రాలును. తరువాత కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నిమ్మ ఉప్పుతో బ్లీచింగు పొడి ఎన్నడును కలపవద్దు, విషవాయువు పుట్టును.

రాడ్డు ప్లగ్గులో ఉండగా నీళ్లలో వేలు పెట్టి వేడి చూడవద్దు. మొదట ప్లగ్గు తీయండి, తరువాతే ముట్టండి. ఇనుప బకెట్టు వాడవద్దు. పిల్లలను స్నానాల గదిలోనికి పంపకముందు రాడ్డును బయట పెట్టండి. రాడ్డు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనండి. రెండు కాళ్ల ప్లగ్గు ఉన్న చవక రాడ్డుకు ఎర్తు ఉండదు. ఇంటి మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు కొద్దిగా కారినా అది క్షణములో లైను ఆపును. ప్లగ్గుగాని వైరుగాని చేతికి వేడిగా తగిలినా, కాలిన వాసన వచ్చినా, ఆ తల్లి మిషనులోని లగ్గును జ్ఞాపకము చేసుకోండి. వదులైన చోటు ఎక్కడో ఉన్నది.

చివరి మాట

ఆ సాయంత్రము ఆమె కుమారునికి ఫోను చేసి జరిగినదంతా చెప్పినది. మిషను సంగతి విని ఆ అబ్బాయి కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మా, చేతులు ఎట్లున్నాయి?" అని మాత్రము అడిగాడు. ఆమె చెంగుతో కండ్లు తుడుచుకొని, "బాగుండాయిలే నాయనా" అన్నది. మేము ప్రక్కనుండి, "బాగాలేవు, ఆసుపత్రికి తీసుకొనిపో" అని గట్టిగా చెప్పాము. మరుసటి వారము అతడు వచ్చి తీసుకొని వెళ్లాడు.

స్టెబిలైజరు డబ్బు కంతులుగా ఇచ్చెదమంటే ఆమె ఒప్పుకోలేదు. దానిని ఫ్రిజ్జుకు పెట్టుకొన్నది. ఇప్పుడు ఆ ఇంటికి ఎప్పుడు వెళ్లినా అది గోడకు వ్రేలాడుచు మాకు ఎదురుగా కనబడును. అది మాకు మంచిదే.

ప్రియులారా, ఈ పేజీలో మేము రాసే సలహాలలో ఏది మీ ఇంట పనిచేయకపోయినా మొగమాటపడక మాకు ఉత్తరము రాయండి. మా మాట తప్పయినదని చెప్పుటకు మీకు నోరు రాకపోతే, నష్టపోయేది మీ చేతులే.